ఆండిపట్టి ఏడో పేజీ

పొట్లం పదకొండున్నర బస్సులో వచ్చింది. కండక్టరు దాన్ని నా చేతిలో పడేసి, ఇందులో ఏముందని కూడా అడగకుండా టీ తాగడానికి పోయాడు. కోయంబత్తూరు బస్టాండులో ఒక బెంచీ చూసుకుని విప్పాను. అరటిపండ్ల వాసన వేసే పాత పేపర్లు నాలుగు. 'నొయ్యల్ మురసు' తమిళ దినపత్రిక, ఆండిపట్టి ఎడిషన్, మొన్న మంగళవారం తేదీది. పైన పత్రిక పేరు ఉండాల్సిన చోట కత్తెర పడి ఉంది.

మంగళవారం పొద్దున ఆరింటికల్లా హెడ్డాఫీసు నుంచి ఆండిపట్టి వైపు ఏజెంట్లందరికీ కబురు వెళ్ళింది. ఏడో పేజీలో తప్పు పడింది, కాపీలన్నీ వెనక్కి పంపండి అని. ఆఫీసు ఫైలులో ఆ ఎడిషన్ కాపీ లేదు. ఇంటర్నెట్లో పెట్టేది కోయంబత్తూరు సిటీ ఎడిషన్ ఒక్కటే. కాబట్టి ఆ పేజీ ఇక లోకంలో లేదని ఎడిటర్ల అంతస్తులో ఊపిరి పీల్చుకున్నారు. పేపరు రాసేవాళ్ళకు పేపరు అమ్మేవాళ్ళ పద్ధతులు తెలియవు. మిగిలిన కాపీలు తిప్పి పంపమంటే ఏ ఏజెంటూ పేపరంతా పంపడు. పేరున్న పట్టీ కత్తిరించి, కట్ట కట్టి పంపుతాడు. మిగతాది పండ్ల బండికి పోతుంది. ఆండిపట్టి ఏజెంటు దురైసామి ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే, మొన్న చేసిందీ అదే. నిన్న నేను అడిగితే ఫోన్లో ఫోటో పంపాడు గానీ అది మసకగా ఉంది. కాగితమే కావాలన్నాను.

ఏడో పేజీ అడుగున, ప్రకటన రావాల్సిన పెట్టెలో, ఆరు లైన్లు ఉన్నాయి. తమిళ అక్షరాలే. తమిళంగా చదివితే ఒక్క మాటకూ అర్థం లేదు. పేజీ ఖాళీ కనబడకుండా నింపే ఉత్తుత్తి అక్షరాలని ఎవరైనా అనుకుంటారు. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. అక్షరాలు తమిళం, మాటలు మా ఇంటివి.

మా తెలుగు వాళ్ళం ఈ గడ్డ మీదికి వచ్చి ఎన్ని తరాలయిందో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. అందుకని ఇంటి మాట కాగితం మీద పెట్టాల్సి వస్తే తమిళ అక్షరాల్లో రాసుకుంటాం. మా అమ్మ మదురై నుంచి నాకు రాసిన ఉత్తరాలన్నీ అట్లాంటివే. నేను తెలుగు అక్షరాలు దిద్దింది నలభై దాటాక. ఆ ఆరు లైన్లు తెలుగు అక్షరాల్లో పెడితే ఇట్లా ఉంటాయి:

"ఒరే, ఇంక మోయలేను. ఆ పిల్ల అన్న కింద మూటలు కడతా ఉండాడు, వాని మొగం చూడలేకుండా ఉండాను. ఈ పొద్దు వానికి సగం చెప్పినాను. మన పేపరు బండి అని చెప్పినాను, తోలింది ఎవరని చెప్పలేదు. అది నువ్వే చెప్పవలె. తెల్లారి ఇద్దరము స్టేషన్‌కు పోదాము. నేను పక్కన ఉంటాను."

రాసింది కణ్ణన్. మురసులో రాత్రి డెస్కుకు పెద్ద, యాభై ఆరేళ్ళవాడు. సోమవారం రాత్రి పదీ నలభైకి, ఊరి శివారు తుడియలూరులోని మురసు ప్రెస్సులో, కాగితపు రీళ్ళు దించే గుంతలో తల పగిలి శవమై కనబడ్డాడు. నిన్న సాయంత్రం పోలీసులు పట్టుకుపోయింది శబరిని. పార్సెల్ సెక్షన్లో పేపరు మూటలు కట్టే కుర్రాడు, ఆ రాత్రి కణ్ణన్ దిగి వచ్చి మాట్లాడింది వాడితోనే. జనవరిలో వాడి చెల్లెలు ఇలక్కియ ఉడుమలైపేట రోడ్డు మీద, తెల్లవారుజామున కొబ్బరి పీచు మిల్లుకు నడిచి పోతూ చనిపోయింది. గుర్తు తెలియని వాహనం ఢీకొందని మురసు రాసింది. ఆ వాహనం మురసుదేనని ఇప్పుడు నా ఒళ్ళో ఉన్న కాగితం చెబుతోంది. శబరిని సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే వాడి బతుకు అక్కడితో సరి.

నేను స్కూటర్ తీశాను.

ప్రెస్సు గేటు దగ్గరే శబరి తల్లి సెల్లాయి ఎదురైంది. నన్ను ఈ కేసులోకి పిలిచింది ఆమే, ఆమెదీ మా ఇంటి తెలుగే. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రెస్సు ఊడుస్తున్న కాంట్రాక్టు మనిషి. కొడుకు స్టేషన్లో ఉన్నా నీలం చొక్కా తొడుక్కుని డ్యూటీకే వచ్చింది. రాకపోతే నేరం ఒప్పుకున్నట్టని ఎవరో భయపెట్టారట.

"అమ్మణీ, మూడింటికి రీలు గుంత కడగమంటా ఉండారు," అంది. "ఈ పొద్దు రాత్రి ఆ మిషను నడపవలెనంట. వేరే ఆళ్ళు లేరు, నువ్వే దిగు అన్నారు."

కొడుకు చేశాడంటున్న హత్య నెత్తురు తల్లి చేత కడిగించాలని ఎవరూ పనిగట్టుకుని అనుకుని ఉండరు. డ్యూటీ చార్టులో ఆమె పేరు ఉంది, పేరు పిలిచారు. నేను పద్నాలుగేళ్ళు మురసు మదురై ఆఫీసులో ప్రూఫులు దిద్దాను. ఆ కంపెనీకి చెడ్డతనం లేదు, టైము మాత్రమే ఉంది. ప్రూఫులు దిద్దే యంత్రం వచ్చిన మధ్యాహ్నం నాతో కలిపి ఇరవై మందిని నవ్వుతూ ఇంటికి పంపి, సాయంత్రం పేజీలు ఐదు నిమిషాలు ముందే వదిలారు.

పొట్లంలో ఏముందని సెల్లాయి అడిగింది. నీ కొడుకు తప్పు లేదని ఉందక్కా అన్నాను. మిగతాది చెప్పకుండా లోపలికి నడిచాను.

ఇన్‌స్పెక్టర్ పాండి పార్సెల్ షెడ్డులో కుర్చీ వేసుకుని ఫైలు కడుతున్నాడు. మా మాటలు తమిళంలోనే సాగాయి. మదురై అవతల పల్లె మనిషి, తెలుగు ముక్క రాదు. చెడ్డవాడని అనను. మూడు రాత్రులుగా నిద్ర లేనివాడు, ఫైలు మూసేయాలని తొందరపడుతున్నవాడు. ప్రైవేటు డిటెక్టివు అనే మాట వింటేనే ఆయన మొహం చేదు తిన్నట్టు అవుతుంది.

ఆయన వరస ఇది. ఎనిమిదీ నలభైకి కణ్ణన్ కిందికి వచ్చి శబరితో మాట్లాడాడు. శబరి కేకలు వేసి ఆయన చొక్కా పట్టుకున్నాడు, నలుగురు చూశారు. ఎనిమిదీ యాభై తర్వాత కణ్ణన్‌ను చూశానని గట్టిగా చెప్పినవాడు లేడు. తొమ్మిదింటికి శబరి ధారాపురం వ్యానులో మూటలతో గేటు దాటాడు, గేటు రిజిస్టరులో ఉంది. చావు ఎనిమిదిన్నరకూ పదిన్నరకూ మధ్య అని డాక్టరు రాశాడు. తోసేసి వ్యానెక్కి పారిపోయాడు, అంతే.

నేను ఏడో పేజీ తీసి ఆయన ముందు పరిచాను. ఈ పేజీ అచ్చుకు పోయింది తొమ్మిదీ ఇరవైకి, ఈ లైన్లు కణ్ణన్‌వి, కాబట్టి శబరితో గొడవ అయ్యాక ఆయన పైకి వచ్చి వీటిని రాశాడు, అప్పటికి బతికే ఉన్నాడన్నాను. ఏమని రాసి ఉందో కూడా చెప్పాను. పాండి ఆ లైన్లను వేలితో తడుముతూ రెండుసార్లు చదివి, తల ఎత్తాడు.

"ఇది ఏ భాషో మీరు చెబుతున్నారు. ఇందులో ఏముందో మీరే చెబుతున్నారు. రాసింది ఎవరో కూడా మీరే చెబుతున్నారు. నేను కోర్టుకు మిమ్మల్ని తీసుకుపోయి బోర్డులా నిలబెట్టనా మేడమ్?"

మాట గట్టిగానే తగిలింది. పైగా అందులో న్యాయం ఉంది. డెస్కులో కంప్యూటర్లన్నిటికీ ఒకటే పాస్‌వర్డు, ఎవరి పేరు మీద ఎవరు టైపు చేశారో దేవుడికే తెలియాలి అన్నాడు. మూడింటికి గుంత కంపెనీకి అప్పగిస్తున్నాను, ఆలోగా చూసుకునేది ఉంటే చూసుకోండి అన్నాడు. నేను పేపరు మడిచి పైకి వెళ్ళాను.

పై అంతస్తులో ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ నరేన్ నన్ను గాజు గదిలో కూర్చోబెట్టాడు. కణ్ణన్ పోయిన వార్త నాలుగో పేజీలో మూడు లైన్లు వేశారు. ఆకస్మిక మరణమని. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ పేజీలు నడిపిన మనిషికి మూడే లైన్లా అంటే, ఆ రోజు ప్రకటనలు ఎక్కువ వచ్చాయని నరేన్ నొచ్చుకున్నాడు. నొచ్చుకోవడం నిజమే. ప్రకటనలు ఎక్కువ రావడమూ నిజమే.

అడిగినవాటికి బాగానే జవాబు చెప్పాడు. కాపీలు వెనక్కి రప్పించింది తనే. పేజీలు కట్టే అశ్విన్ రాత్రి పదీ ఐదుకు ఫోన్ చేసి, డమ్మీ మేటరు అచ్చయిపోయిందని చెప్పాడట. అప్పటికే ఆండిపట్టి వ్యాన్లు తొమ్మిదీ యాభైకి వెళ్ళిపోయాయి. డెస్కులో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరని అడిగితే, ఉన్నా తమిళ పత్రికలో దానికి పనేముందని నవ్వాడు. కణ్ణన్ బంధువులు ఇక్కడ ఎవరైనా పని చేస్తున్నారా అన్నాను. వీలే లేదట. ఒక ఇంటివాళ్ళు ఇద్దరు ఒకే సెక్షన్లో ఉండకూడదు, బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. కణ్ణనే స్వయంగా అట్లా ఇద్దరిని పంపించాడట.

తర్వాత అశ్విన్. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, సన్నగా, గడ్డం గీసుకోక, మూడు రోజులుగా అదే చొక్కాలో ఉన్నట్టున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చునే మాట్లాడాడు. శుద్ధమైన తమిళం. మధ్యలో రెండుసార్లు ఎవరో వచ్చి పేజీ అడిగారు, ఇదిగో అంటూ పంపించాడు. పెద్దాయన చచ్చిపోయిన మూడో రోజు కూడా ఆ హాల్లో ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తగ్గించలేదు. ఆయన కుర్చీలో అప్పుడే ఎవరిదో బ్యాగు ఉంది.

ఆ ఆరు లైన్లు చూపించాను. అశ్విన్ వాటి వైపు పూర్తిగా చూడకుండానే, అవి కణ్ణన్ సార్ మంత్రాలు అన్నాడు. డెస్కులో అందరూ అట్లాగే అంటారట. ఏళ్ళ తరబడి ఖాళీ పెట్టెల్లో సార్ అట్లాంటి లైన్లు కొట్టి పెట్టేవాడు, పేజీ కట్టేవాడు తీసేసి అసలు మేటరు పెట్టుకునేవాడు. ఎవరికీ అర్థం కావు, ఎవరూ అడగలేదు. మరి సోమవారం ఎందుకు తీయలేదని అడిగాను. ప్రకటన రాలేదు, మెస్సు మూసేస్తారని తినడానికి పోయాడు. తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై దాకా మెస్సులో ఉన్నాడు. తొమ్మిదీ ఇరవైకి, అచ్చు ప్లేట్లు చేసే ప్లేటు రూమువాళ్ళు టైమయిందని పేజీ లాగేసుకున్నారు. తొమ్మిదిన్నరకు అచ్చు మొదలైంది. తొమ్మిదీ నలభైకి కిందికి పోయి, రూలు ప్రకారం కొత్త కాపీ తీసుకుని చూశాడు.

"చూసి?"

"తప్పు కనబడింది. నరేన్ సార్‌కు చెప్పాను."

తొమ్మిదీ నలభైకి తప్పు చేతిలో ఉంది. తొమ్మిదీ యాభైకి గాని వ్యాన్లు కదలలేదు. అక్కడ నిలబడి ఒక్క కేక వేస్తే ఆగుతాయి. వీడు పదీ ఐదు దాకా నోరు తెరవలేదు. పేజీ కట్టే మనిషి జీవితమంతా ఆ పది నిమిషాల కోసమే తయారవుతాడు. ఈ ఇరవై ఐదు నిమిషాలు ఏం చేశావని అప్పుడే అడగాలనిపించింది. అడగలేదు. బదులుగా ఊరేదని అడిగాను.

ఉడుమలైపేట. అమ్మ ఒక్కతే అక్కడ ఉంది. ఇంతకుముందు డ్యూటీ అయ్యాక తెల్లవారుజాము పార్సెల్ వ్యానులోనే ఇంటికి పోయేవాడు, డెస్కు వాళ్ళు చాలామంది అంతే. జనవరి నెలాఖరున తుడియలూరులో రూము తీసుకున్నాడు. ఎందుకంటే, నిద్ర చాలడం లేదన్నాడు.

మెట్ల మీద నిలబడి కొంతసేపు ఆలోచించాను. ఆఫీసులో కణ్ణన్ అటెండరును కూడా మీరు అనే పిలిచేవాడని అందరూ చెప్పారు. ఆ లైన్లలో మొదటి మాట 'ఒరే'. తనకంటే చిన్నవాణ్ణి, సొంతవాణ్ణి అనే మాట అది. అచ్చులో పెట్టడానికి రాసిందీ కాదు. పేజీ తెరిచి, చదివి, తీసేసే మనిషి ఒక్కడి కోసం రాసింది. బంధుత్వం బయటపడితే ఇద్దరి కూడూ పోయే చోట, పక్కపక్కనే కూర్చుని ఇంటి సంగతులు మాట్లాడుకోలేక, పెట్టెల్లో ఉత్తరాలు రాసుకున్నారు. ఏళ్ళ తరబడి డెస్కంతా మంత్రమని నవ్వుకున్నది, అమ్మకు మాత్రలు కొను, రేపు తొందరగా పడుకో లాంటి మాటలై ఉంటుంది.

నాకు తెలిసిపోయింది. కానీ పాండి అన్నట్టు, చెబుతున్నది నేనొక్కదాన్నే.

మూడింటికి ఐదు నిమిషాలు తక్కువగా రీలు గుంత దగ్గరికి వెళ్ళాను. రెండో మిషను కింద ఎనిమిది అడుగుల లోతు. అంచున ఇనుప గొలుసు, దిగడానికి ఇనుప నిచ్చెన. సోమవారం రాత్రి పదిన్నర దాకా మొదటి మిషను మాత్రమే నడిచింది. రెండో దానికి రీలు ఎక్కించడానికి పదీ నలభైకి వచ్చినవాళ్ళే శవాన్ని చూశారు. మొదటి మిషను నడిచేటప్పుడు ఇక్కడ పక్క మనిషి అరిచినా వినబడదు.

సెల్లాయి బకెట్టు, చీపురు పట్టుకుని ముందే దిగింది. వెనకాలే నేను దిగాను. గుంత నిండా చింపిన కాగితం. పోలీసులు ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. ప్రెస్సులో కాగితం పొలంలో మట్టి లాంటిది, ఎవరూ వంగి చూడరు. నేను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగాను. అన్నీ రీళ్ళకు చుట్టి వచ్చే గోధుమ రంగు అట్టలు, అచ్చు పడని ముక్కలు. సెల్లాయి నెత్తురు ఎండిన చోటికి పోకుండా గోడ వారగా ఊడుస్తోంది. చివరికి పోక తప్పలేదు.

"అమ్మణీ, ఈడ ఒకటి ఊడి రాలేదు," అంది. "నీళ్ళు పోయనా?"

పోయవద్దన్నాను. నల్లగా గట్టిపడిన మరక కింద, నేలకు అతుక్కుని, నలిగిన పేపరు ఒకటి ఉంది. పైకి కనబడేది ఒక మూల మాత్రమే. ఆ మూలన అచ్చు. నేను గట్టిగా కేక వేసి పాండిని పిలిచాను.

ఆయన గొణుక్కుంటూ దిగాడు. కానిస్టేబులు చేత ఫోటోలు తీయించి, పలుచని కత్తితో అంచు లేపించాడు. మరక కింద, మడత లోపల కాగితం తెల్లగానే ఉంది. ఏడో పేజీ, అడుగు పెట్టె, ఆరు లైన్లు. నేను అరటిపండ్ల వాసన పేపరును పక్కన పెట్టాను. పాండి రెండింటినీ లైను లైనుగా పోల్చి చూశాడు.

"ఎవరైనా తర్వాత పడేసి ఉండొచ్చు," అన్నాడు.

"నెత్తురు కిందికా?"

 నేనే లెక్క చెప్పాను. ఈ కాగితం పుట్టిందే తొమ్మిదిన్నరకు. మనిషి దీని మీద పడ్డాడు. అంటే పడింది తొమ్మిదిన్నర తర్వాత. శబరి తొమ్మిదింటికే గేటు దాటాడని మీ ఫైలులోనే ఉంది. పాండి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. 

"సరే, శబరి కాదు. నాలుగింటికి కోర్టుకు ఏమని చెప్పను? తోసినవాడు కావాలి నాకు. ఈ మంత్రం చదవగలిగిన వాడెవడో కావాలి."

అశ్విన్‌ను కిందికి పిలిపించండి అన్నాను. మీరు పక్కన నిలబడి వినండి చాలు, అర్థం కాకపోయినా వినండి అన్నాను.

మేము పైకి ఎక్కి గుంత అంచున నిలబడ్డాం. సెల్లాయిని అక్కడి నుంచి పంపేయాల్సింది. ఆ మాట ఈ రోజుకీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోతూ, నీలం చొక్కా వేసుకుని బకెట్టు పట్టుకున్న మనిషిని మర్చిపోయాను. ఆ ఆఫీసులో అందరూ ఇరవై ఏళ్ళుగా మర్చిపోయినట్టే.

అశ్విన్ వచ్చాడు. గుంత వైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ లైన్లు ఏమిటో ఇన్‌స్పెక్టరుగారికి వినిపిస్తాను, నీకు తెలియని భాషే, రెండు నిమిషాలు ఓపిక పట్టు అని తమిళంలో చెప్పాను. తల ఊపాడు. నేను పేజీ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కంగారు లేకుండా, ఇంట్లో చదివినట్టు, మామూలు గొంతుతో.

"ఒరే, ఇంక మోయలేను. ఆ పిల్ల అన్న కింద మూటలు కడతా ఉండాడు..."

వాడు కదలలేదు. రెండో లైను, మూడో లైను. తోలింది ఎవరని చెప్పలేదు అన్న చోట కూడా కదలలేదు.  తెల్లారి ఇద్దరము స్టేషన్‌కు పోదాము, నేను పక్కన ఉంటాను. అక్కడికి కాగితం అయిపోయింది. నేను ఆపలేదు. కాగితం మీదే చూపు పెట్టి, అదే గొంతుతో ఇంకో లైను చదివాను.

"మీ అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పేసినాను."

"లేదు," అన్నాడు అశ్విన్. తెలుగులో అన్నాడు. "అట్ల రాయలేదు. మామ అమ్మకు చెప్పలేదు."

లేని లైను పేజీలో పడితే పట్టుకోవడమే ఆరేళ్ళుగా వాడి పని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి వీలు లేనంత అలవాటైన పని. అన్న తర్వాత గాని వాడికి తెలియలేదు ఏ భాషలో అన్నాడో, ఎవరిని మామ అన్నాడో. పక్కనున్న రీలు మీద కూర్చుండిపోయాడు.

పాండి ఏమన్నాడు, ఏమన్నాడు అని నా మోచేయి తడుతున్నాడు. కణ్ణన్ వీడికి మేనమామట అని ఒక్క ముక్క చెప్పి ఆగమన్నాను. ఆయన ఫోన్ తీసి రికార్డింగు నొక్కాడు.

అశ్విన్ చెప్పుకుంటూ పోయాడు. మళ్ళీ తమిళంలోకి పోలేదు. జనవరిలో ఆ తెల్లవారుజామున డ్రైవరుకు నిద్ర ఆగక వెనక పడుకుంటే, తనే వ్యాను తోలాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఇంటికి పోయి మామకు ఫోన్ చేస్తే, ఉడుమలైపేట విలేకరి పంపిన వార్తలో వ్యాను సంగతి కొట్టేసి గుర్తు తెలియని వాహనమని పెట్టింది మామే. ఆ తర్వాత మామ మారిపోయాడు. అన్నం తినడు, రోజూ కిందికి పోయి శబరిని చూసి వస్తాడు. సోమవారం రాత్రి అశ్విన్ మెస్సు నుంచి వచ్చి కాపీ తెరిస్తే ఆ లైన్లు అచ్చులో ఉన్నాయి. మామ తనను ఊరందరి ముందు పెట్టేశాడనుకున్నాడు. చప్పుడులో ఎవరికీ వినబడదని మామను ఇక్కడికి పిలిచి, ఆ పేజీ మొహాన పెట్టి అడిగాడు. మామ కళ్ళద్దాలు సరిచేసుకుని చూసి, అయ్యో, ఇది ఎట్ల అచ్చయింది అన్నాడట.

"నటిస్తా ఉండాడని తోసినాను. గొలుసు వేసి లేదు," అన్నాడు అశ్విన్. "నాకు ఆకలైంది, తినను పోయినాను. నేను తీయలేదు కాబట్టి అచ్చయింది. మామకు తెలియనే తెలియదు."

అప్పుడు బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

సెల్లాయి ముందుకు వచ్చింది. ఆమె కొట్టబోతుందని పాండి అడ్డం కదిలాడు. ఆమె కొట్టలేదు. వాడి ముందు నేల మీద కూర్చుంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. మా ఆడవాళ్ళు చావింట్లో కూర్చునే తీరు అది.

"పేపర్లో అక్కడికక్కడే పోయిందని వేసినారు సామీ," అంది. "నాకు చదవను రాదు, శబరి చదివి చెప్పినాడు. బిడ్డ నొప్పి పడలేదు అని నా మనసుకు అదే చెప్పుకుంటా ఉండాను. అది నిజమేనా? అది మట్టుకు చెప్పు."

అక్కడికక్కడే మృతి. పద్నాలుగేళ్ళలో ఆ మాట నేను కొన్ని వేలసార్లు దిద్ది ఉంటాను. నిజమా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

అశ్విన్ తల అడ్డంగా ఊపాడు. ఆమె వాడి నోటి వైపే చూస్తోంది. చెప్పకుండా వదిలే చూపు కాదు అది.

"దిగి చూసినాను," అన్నాడు. "అమ్మా అని పిలిచింది. రెండు సార్లు."

ఆ ఒక్క మాటకు పాండి నన్ను అర్థం అడగలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"బతికే ఉండె కదా సామీ," అంది సెల్లాయి. గొంతు పెంచలేదు. "బండి ఉండె కదా. ఎత్తి వేసుకుని పోయి ఉండొచ్చు కదా. ఏమిటికి పోలేదు?"

 అశ్విన్ చుట్టూ చూశాడు, మా ముఖాలు, మిషను, గోడ గడియారం. అబద్ధం కోసం వెతుకుతున్నాడని నేను అనుకున్నాను. వాడు చెప్పింది అబద్ధం కాదు.

"పేపరు లేటయిపోతుందని," అన్నాడు.

పాండి నా వైపు తిరిగి, ఇప్పుడేమన్నాడని అడిగాడు. నేను చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.